నా ఒళ్ళే నా మీద పగబట్టిందా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 36 ఏళ్ళు. తెనాలిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. ఇద్దరు పిల్లలు. ఆరు నెలలుగా పొద్దున్నే లేస్తే వేళ్ళు ముడుచుకోవు. గంట, గంటన్నర దాకా టూత్‌పేస్టు మూత కూడా తీయలేను. రెండు చేతుల కణుపులూ వాచాయి. రక్తపరీక్షలో ఆర్.ఏ. ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్ వచ్చాయి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే ఒక రకం కీళ్ళవాతం అన్నారు. మీ రోగనిరోధక శక్తి మీ సొంత ప్రొటీన్ల మీదే దాడి చేస్తోందని చెప్పి మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రాశారు. నెట్‌లో చూస్తే అది క్యాన్సర్ మందని ఉంది. భయమేసి మూడు వారాలు వేసుకుని ఆపేశాను. ఇమ్యూనిటీ పెరుగుతుందని పక్కింటావిడ తిప్పతీగ కషాయం ఇస్తే రోజూ తాగుతున్నాను. ప్రొటీన్లతోనే గొడవ కాబట్టి అవి తినకూడదని మా అత్తగారు పప్పు, గుడ్డు మాన్పించారు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నేను చేసిన తప్పేంటి? నా పిల్లలకూ వస్తుందా?

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు కాస్త పెద్దది. అది చదివేలోపు చేయాల్సిన పనులు ముందు చెబుతాను. కషాయం ఈ రోజే ఆపేయండి. మెథోట్రెక్సేట్ మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. మధ్యలో మానేశాననీ, కషాయం తాగాననీ మీ డాక్టర్ గారికి ఈ వారంలోనే చెప్పండి. ఆయన తిడతారని ఊరుకోవద్దు. మధ్యాహ్నం అన్నంలోకి మాత్రం పప్పు వడ్డించుకోండి.

పప్పు సంగతి ఇక్కడే తేల్చేస్తాను. మనం తిన్న పప్పూ గుడ్డూ అలాగే వెళ్ళి కీళ్ళలో కూర్చోవు. కడుపులో, పేగుల్లో అరిగి అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలవుతాయి. వాటితో మన ఒళ్ళు తనకు కావలసిన ప్రొటీన్లను తనే కట్టుకుంటుంది. ఇప్పుడు గొడవ జరుగుతున్నది మీ ఒంట్లో తయారైన ప్రొటీన్లతో. కంచంలోవి మానేస్తే ఆ గొడవ ఆగదు సరికదా, ఈ జబ్బులో అసలే కరిగిపోయే కండ ఇంకా కరిగిపోతుంది. అత్తగారు మీ మంచి కోరే చెప్పారు. ఈ నాలుగు మాటలూ ఆవిడకు చదివి వినిపించండి.

ఇక అసలు ప్రశ్న. కాపాడాల్సినదే ఎందుకు మీద పడుతోందని అడిగారు. మీరే కాదు, ఒకప్పుడు మహామహా శాస్త్రవేత్తలకు కూడా ఇది నమ్మశక్యంగా అనిపించలేదు. 1900 ప్రాంతంలో జర్మనీలో పాల్ ఎర్లిక్, ఒళ్ళు తన మీద తనే విషం చిమ్ముకోదని, అలా జరగకుండా ఏదో కట్టుబాటు ఉండి తీరుతుందని చెప్పారు. ఆయనకు తర్వాత నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అంత పెద్దమనిషి మాట కాబట్టి దాదాపు యాభై ఏళ్ళు ఈ వైపు చూసినవాళ్ళు తక్కువ. 1956లో అమెరికాలోని బఫెలోలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్ళకు వాటి సొంత థైరాయిడ్ నుంచి తీసిన పదార్థాన్నే ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. ఆ కుందేళ్ళు తమ థైరాయిడ్ మీదే యాంటీబాడీలు, అంటే మామూలుగా క్రిములను పట్టుకోవడానికి ఒళ్ళు తయారు చేసే ప్రొటీన్లు, తయారు చేసుకున్నాయి, ఆ గ్రంథి పాడైంది. కట్టుబాటు ఉన్న మాట నిజమే, కానీ అది తప్పే సందర్భాలూ ఉన్నాయని అప్పుడు అర్థమైంది.

మీది కుట్టుపని కాబట్టి ఆ కట్టుబాటు ఎలా నడుస్తుందో మీ భాషలోనే చెబుతాను. చీరకు జాకెట్ గుడ్డ కావాలంటే మ్యాచింగ్ సెంటర్‌కు చీరంతా మోసుకెళ్ళక్కర్లేదు. అంచు నుంచి ఒక పీలిక కత్తిరించి తీసుకెళ్తారు. కొట్టతను దాన్ని వెలుతురులో పెట్టి చూసి, ఆ రంగు తాను తీస్తాడు. మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు కూడా అంతే. అవి ప్రొటీన్ మొత్తాన్ని చూడవు. ఒంట్లోని కణాలు ప్రొటీన్లను ముక్కలు చేసి, పదీ పదిహేను అమైనో ఆమ్లాలంత పీలికను బయట ఒక గూట్లో పెట్టి చూపిస్తుంటాయి. టీ కణం ఆ పీలికను తడిమి, ఇది మనదా, పరాయిదా అని తేల్చుకుంటుంది. ఒక్కో టీ కణానికి ఒక్కో రకం పీలికే సరిపోతుంది.

ఆ టీ కణాలకు చదువు చెప్పే బడి రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన ఉంటుంది. పేరు థైమస్. చిన్నప్పుడు పెద్దగా ఉండి, వయసు వచ్చేకొద్దీ చిక్కిపోతుంది. ఒంట్లో ఎక్కడెక్కడివో సొంత ప్రొటీన్ల పీలికలను అక్కడ ఎదిగే టీ కణాలకు చూపిస్తారు. క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్ ముక్క కూడా అక్కడ కనిపిస్తుంది. థైమస్‌లో పని చేసే ఏఐఆర్ఈ అనే జన్యువు చేసే ఏర్పాటు అది. సొంత పీలికను మరీ గట్టిగా పట్టుకున్న టీ కణాన్ని అక్కడే చంపేస్తారు. ఏదీ పట్టుకోలేనిదీ బతకదు. బడిలో చేరిన వందలో తొంభైకి పైగా బయటికి రావు. అంత కఠినమైన పరీక్ష.

అయినా కొన్ని తప్పించుకుని బయటికి వస్తాయి. అందరిలోనూ వస్తాయి, నాలోనూ ఉన్నాయి. వాటిని అదుపులో పెట్టడానికి ఇంకో రకం టీ కణాలు ఊళ్ళో పెద్దమనుషుల్లాగా తిరుగుతుంటాయి. ఎవరైనా చేయెత్తబోతే ఆగమని సర్దిచెప్పడం వాటి పని. వాటిని కనిపెట్టినందుకే 2025లో జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచికి, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇన్ని కాపలాలుండగా మీ వేళ్ళ దాకా ఎలా వచ్చిందంటే, మీ యాంటీ సీసీపీ రిపోర్టులోనే దానికి చాలావరకు జవాబుంది.

ప్రొటీన్ అంటే పూసల దండ అనుకోండి. ఇందాక చెప్పిన అమైనో ఆమ్లాలే ఆ పూసలు, 20 రకాలు. అందులో ఆర్జినిన్ అనేది ఒకటి. ఒంట్లో ఎక్కడైనా వాపు వచ్చినా, కణాలు చనిపోతున్నా, పీఏడీ అనే ఎంజైమ్‌లు అక్కడి ప్రొటీన్లలోని ఆర్జినిన్ పూసను సిట్రులిన్ అనే పూసగా మార్చేస్తాయి. ఇది జబ్బు కాదు, అందరి ఒంట్లోనూ మామూలుగా జరిగే ఆల్టరేషన్. దండ అదే, దారం అదే, ఒక పూస రంగు మాత్రం మారింది. కానీ టీ కణం చూసేది పీలికనే కదా! బడిలో చూపించిన పీలికల్లో ఈ రంగు సరిగా కనిపించలేదు. అందుకని కొందరిలో దాన్ని పరాయిదిగా లెక్కేస్తుంది. మీ రక్తంలో కనిపించిన యాంటీ సీసీపీ అంటే ఇలా పూస మారిన ప్రొటీన్లకు అతుక్కునే యాంటీబాడీయే.

అందరిలోనూ పూస మారుతుంటే జబ్బు కొందరికే ఎందుకు రావాలి? ఇందాక చెప్పిన గూడు గుర్తుందా? ఆ గూడు ఆకారం మనిషి మనిషికీ తేడాగా ఉంటుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే హెచ్ఎల్ఏ జన్యువులు దాన్ని నిర్ణయిస్తాయి. వాటిలో డీఆర్‌బీ1 అనే జన్యువులో కొన్ని రకాలున్నాయి. ఆ గూళ్ళలో ఆర్జినిన్ సరిగా ఇమడదు, సిట్రులిన్ మాత్రం చక్కగా కూర్చుంటుంది. అలాంటి గూడు ఉన్నవాళ్ళలో మారిన పీలిక ఎక్కువగా, స్పష్టంగా బయటికి కనిపిస్తుంది. దీనికి తోడు పొగతాగే అలవాటు ఉంటే ఊపిరితిత్తుల్లో ఈ పూసలు మారడం ఎక్కువవుతుంది. చిగుళ్ళ జబ్బు తెచ్చే ఒక బాక్టీరియా దగ్గర ఈ పని చేసే సొంత ఎంజైమే ఉంది. అందుకే గొడవ మొదలయ్యేది కీళ్ళలో కాదేమో, ఊపిరితిత్తుల్లోనో చిగుళ్ళలోనో అయి ఉంటుందని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. ఆడవాళ్ళకు ఈ జబ్బు మగవాళ్ళ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఇలా కాపాడాల్సినదే మీద పడే జబ్బులను ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. అవన్నీ ఇదే దారిన రావు. రుమాటిక్ ఫీవర్‌నే తీసుకోండి. పిల్లలకు స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాతో గొంతునొప్పి వస్తుంది. ఆ బాక్టీరియా ప్రొటీన్ పీలికా, మన గుండెలోని ప్రొటీన్ పీలికా ఒకేలా ఉంటాయి. రెండు వేర్వేరు చీరలు, పీలిక చూస్తే ఒకటే రంగు. బాక్టీరియా మీద లేచిన యాంటీబాడీలు, టీ కణాలు గుండె కవాటాల మీదా పడతాయి. మన ప్రభుత్వాసుపత్రుల్లో కవాటాలు పాడై వచ్చే చాలామంది కథ చిన్నప్పటి గొంతునొప్పి దగ్గరే మొదలవుతుంది. మీ పిల్లలకు జ్వరంతో గట్టిగా గొంతునొప్పి వస్తే ఉప్పునీళ్ళ పుక్కిలింతతో సరిపెట్టకుండా డాక్టర్‌కు చూపించమని చెప్పడానికే ఈ మాట మధ్యలో తెచ్చాను.

నేను చేసిన తప్పేంటి అన్నారు. అమ్మా, ఈ ఒక్క మాట కోసమే మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఈ జబ్బుతో వచ్చే ఆడవాళ్ళలో చాలామంది నన్ను ఇదే అడుగుతారు. బాలింతగా ఉన్నప్పుడు చన్నీళ్ళలో చేతులు పెట్టాననో, ఎక్కువ బట్టలు ఉతికాననో, వంకాయ తిన్నాననో లెక్కలు వేసుకుంటూ ఉంటారు. నెదర్లాండ్స్‌లో ఒక బ్లడ్‌బ్యాంకులో దాచిన పాత రక్తాన్ని పరీక్షించారు. తర్వాత్తర్వాత ఈ జబ్బు వచ్చిన దాతల రక్తం అది. నొప్పులు మొదలవక ముందే దాదాపు సగం మందిలో ఈ యాంటీబాడీలు కనిపించాయి, కొందరిలోనైతే పదేళ్ళకు పైగా ముందే. అంటే మీకు వేళ్ళు బిగుసుకుపోయిన రోజుకు చాలా ఏళ్ళ ముందే, మీరు హాయిగా మిషన్ తొక్కుకుంటున్న రోజుల్లోనే, లోపల ఇది చడీచప్పుడు లేకుండా మొదలై ఉండవచ్చు. ఆరు నెలల కిందట ఏం తిన్నారో, ఏం చేశారో తవ్వుకుని లాభం లేదు. మీ తప్పేమీ లేదు.

మీ రెండో రిపోర్టు, ఆర్.ఏ. ఫ్యాక్టర్, మన యాంటీబాడీల తోకను పట్టుకునే ఇంకో యాంటీబాడీ. ఇది ఒక్కటే పాజిటివ్ అయితే ఈ జబ్బని ఖాయం చేయలేం, ఆరోగ్యంగా ఉన్న కొందరిలోనూ కనిపిస్తుంది. యాంటీ సీసీపీ కూడా పాజిటివ్‌గా ఉండి, రెండు చేతుల చిన్న కీళ్ళూ వాచి, పొద్దున బిగుతు గంటకు పైగా ఉంటోంది కాబట్టి మీ డాక్టర్ గారు సరిగానే పట్టుకున్నారు. మోకాళ్ళు అరిగితే వచ్చే నొప్పి వేరు, అది నడిచేకొద్దీ పెరుగుతుంది. మీది పని చేసేకొద్దీ కాస్త సడలుతుంది.

ఇప్పుడు కషాయం దగ్గరికి వద్దాం. మీ జబ్బు రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల రాలేదు. ఆ శక్తి దారి తప్పి, ఉండాల్సిన దానికంటే చురుగ్గా ఉండటం వల్ల వచ్చింది. కీలు లోపల జాకెట్‌కు లైనింగ్ ఉన్నట్టు పల్చటి పొర ఒకటి ఉంటుంది. దారి తప్పిన రోగనిరోధక కణాలన్నీ అక్కడికి చేరి టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు వదిలితే, పల్చటి లైనింగ్ దుప్పటిలా మందమెక్కి పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరుకుతుంది. మీకు అలసటగా, జ్వరం తగిలినట్టుగా ఉంటోందంటే అదీ ఆ రసాయనాల పనే. ఇలాంటప్పుడు ఇమ్యూనిటీ పెంచుతుందని పేరున్నది ఏది తాగినా నాకు భయమే. తిప్పతీగ విషయంలో ఆ భయానికి ఆధారం కూడా ఉంది. కరోనా కాలంలో రోజూ ఆ కషాయం తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు మన దేశంలోని లివర్ డాక్టర్లే నివేదించారు. ఆ దెబ్బ తీరు ఆటోఇమ్యూన్ జబ్బును పోలి ఉంది. మీరు వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌కు కూడా కాలేయం మీద కన్నేసి ఉంచాలి. ఆ రెండూ ఒకే ఒంట్లో కలవకూడదు.

క్యాన్సర్ మందన్న మాట నిజమే, అబద్ధం చెప్పను. కానీ క్యాన్సర్‌కు వందల, వేల మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. కీళ్ళకు మనం ఇచ్చేది వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఇంత తక్కువలో అది కణాలను చంపడం కంటే, వాపును అణిచే అడెనోసిన్ అనే పదార్థాన్ని పెంచి గొడవను చల్లబరుస్తుంది. మీ చీటీలో ఉన్న రెండు మాత్రల వెనకా మన భీమవరంలో పుట్టిన మనిషి ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ లేబొరేటరీస్‌లో నడిపిన బృందమే 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. దానికి ఎదురు పనిచేసే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం చేతుల మీదుగా వచ్చిందే. పిల్లల రక్తక్యాన్సర్‌కు ఆ కుటుంబపు మందు మొదటిసారి పనిచేసిందన్న ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే ఏడాది ఆయన పోయారు. కీళ్ళవాతానికి ఈ మందు ఇంత పనికొస్తుందని ఆయన చూడలేదు. అమెరికాలో ఈ జబ్బుకు దీన్ని అధికారికంగా అనుమతించింది 1988లో.

ఆ ఆలస్యం ఎంతమంది చేతుల మీద పడిందో మా ఇంట్లోనే చూశాను. మా పెద్దమ్మకు ఇదే జబ్బు. ఆమె వయసులో ఉన్నప్పుడు మా ఊళ్ళో ఇచ్చింది నొప్పి మాత్రలు, మధ్య మధ్య స్టెరాయిడ్ ఇంజెక్షన్. నొప్పి తగ్గేది, ఎముక మాత్రం లోపల అరుగుతూనే ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి ఆమె వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి. కాఫీ గ్లాసును వేళ్ళతో పట్టుకోలేక రెండు అరచేతుల మధ్యా ఇరికించుకుని, తల వంచి తాగేది. మల్లెపూలు తెస్తే మాల కట్టమని నాకిచ్చి, ముడి ఎలా వేయాలో నోటితో చెప్పేది. ఆ చేతులు అలా కావాల్సిన అవసరం ఈ రోజుల్లో లేదు. నొప్పులు మొదలైన కొద్ది నెలల్లోనే మందు సరిగా పడితే చాలామందికి కీళ్ళు ఒరగకుండా నిలబడతాయి. మీకు ఆరు నెలలైంది. మూడు వారాలు వేసుకుని గుణం లేదనుకున్నారేమో, ఈ మందు గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా నొప్పి తట్టుకోవడానికి వేరే మందు కొద్దిరోజులు ఇస్తారు. దీంతో చాలకపోతే వేరేవి ఉన్నాయి, టీఎన్ఎఫ్‌ను నేరుగా అడ్డుకునే ఇంజెక్షన్లూ ఉన్నాయి.

ఒక్క విషయం మాత్రం ఎర్ర సిరాతో రాసుకోండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ కాదు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడకు మందుల షాపులో కవరు మీద 'రాత్రి 1' అని రాసిచ్చారు. ఆవిడ ఎనిమిది రోజులు వరసగా వేసుకుంది. నోరంతా పుళ్ళు పడి, తెల్లరక్తకణాలు పడిపోయి ఐసీయూలో ఉండాల్సి వచ్చింది. బతికి బయటపడింది, అందరికీ ఆ అదృష్టం ఉండదు. మీరు ఆదివారం అనుకుంటే ప్రతి ఆదివారం, క్యాలెండర్‌లో ఆ గడి మీద గుర్తు పెట్టుకుని, వేసుకున్నాక కొట్టేయండి. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన వేరే రోజు. నోట్లో పుళ్ళు, జ్వరం, ఆగని దగ్గు, ఆయాసం వస్తే ఆ వారం మాత్ర వేసుకోకుండా ఫోన్ చేయండి. రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చెప్పిన తేదీకి చేయించుకోండి. జలుబుకో, మూత్రంలో మంటకో ఎవరు మందు రాసినా మెథోట్రెక్సేట్ వాడుతున్నానని ముందే చెప్పండి. ముఖ్యంగా సెప్ట్రాన్ (కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్) లాంటివి దీంతో కలవకూడదు. ఇంకో బిడ్డ ఆలోచన ఏమాత్రం ఉన్నా ఇప్పుడే చెప్పాలి. ఈ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. కొన్ని నెలల ముందే ఆపి, గర్భంతో ఉన్నా వాడదగ్గ మందులకు మారుస్తారు.

పిల్లల గురించి బెంగ వద్దు. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువన్న మాట నిజం. కానీ జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినా రెండోవారికి వచ్చేది వందలో 15 మందికి అటూఇటూ మాత్రమే. కాబట్టి మీ పిల్లలకు రాకుండా ఉండే అవకాశమే చాలా ఎక్కువ. వాళ్ళకు ఇప్పుడు రక్తపరీక్షలేవీ అక్కర్లేదు. పళ్ళూ చిగుళ్ళూ శుభ్రంగా ఉంచుకోవడం, పొగ జోలికి పోకపోవడం నేర్పండి. మీరూ ఒకసారి పళ్ళ డాక్టర్‌కు చిగుళ్ళు చూపించుకోండి.

మీకు మందు రాసినవారు రుమటాలజిస్టు, అంటే ఇలాంటి కీళ్ళ జబ్బుల స్పెషలిస్టు, కాకపోతే, గుంటూరులోనో విజయవాడలోనో ఒకరికి చూపించుకోండి. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, మీరు వేసుకున్న మందు స్ట్రిప్పు, వీలైతే ఆ కషాయం పొడి పొట్లం కూడా సంచిలో పెట్టుకోండి. పొద్దున బిగుతు ఎంతసేపు ఉంటోందో రేపటి నుంచి రోజూ ఒక పుస్తకంలో నిమిషాల్లో రాయండి, మీ డాక్టర్‌కు అది పనికొస్తుంది. కుట్టుపని మానక్కర్లేదు. వేళ్ళు సడలాక, పది గంటల తర్వాత మొదలుపెట్టండి. హుక్కులూ కాజాలూ కొన్నాళ్ళు ఇంకెవరికైనా ఇచ్చి, మిషన్ పని మాత్రం మీరు చేసుకోండి. మూడు నెలల తర్వాత ఎలా ఉందో నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.